నీళ్లు పోసిన గది

ఆ ఏడు మాసి నెలలో, ఎండలు ఇంకా ముదరకముందు, అరవనాట్లో ఉన్న మా తెలుగు ఊరికి పదిమంది దాకా తెల్లపిల్లలు వచ్చారు. పసిపిల్లల్ని పగలు చూసుకునే బాలవాడికి గది కట్టడానికి వచ్చారు. కోవిల్‌పట్టిలో ఉన్న ఒక సంఘం వాళ్లని పిలిపించింది. మగపిల్లలు బడి వరండాలో పడుకున్నారు. ఆడపిల్లల్ని ఇంటికొకరిగా పంచారు. నా ఇంటికి ఒక పొడుగు పిల్ల వచ్చింది. తల వంచకుండా లోపలికి రాబోయి మొదటిరోజే గుమ్మానికి నుదురు కొట్టుకుంది.

మామూలుగా అయితే కుదరదని చెప్పేదాన్ని. కానీ ఆ గది నాకు కావాలి. అప్పటికి నా కోడలు తీపెట్టి ఆపీసుకి పోతోంది. అగ్గిపెట్టెలు చేసే ఫ్యాక్టరీని మా వైపు అందరూ అలాగే అంటారు. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఆడవాళ్లని ఎక్కించుకుపోయేది, దీపాల వేళకి దించేది. మనవడు నా చంకలో ఉండేవాడు. వాడికి నడక వచ్చింది, బుద్ధి రాలేదు. తొట్టి దగ్గరికి పోతాడు, పొయ్యి దగ్గరికి పోతాడు. వాడు పుట్టినప్పటినుంచీ నేను నా చేలో కలుపు తీసింది లేదు. మాది నల్లరేగడి, వాన పడితేనే పంట. పత్తి వేస్తాం. కూలివాళ్లు సాళ్లు శుభ్రంగా కనిపించేట్టు చేసి, మొక్క మొదట్లో గడ్డి అలాగే వదిలేసి పోయేవారు. గట్టుమీంచి చూస్తే కడుపు మండేది. పగలు పిల్లవాణ్ణి ఒకచోట దింపి నేను చేలోకి పోవాలి. నాకు కావలసింది అంతే.

సంఘం తరఫున వచ్చే అమ్మ నాకు అరవంలో విడమరిచి చెప్పింది. ఆ దేశంలో పిల్లలు బడి చదువు ముగించి, కాలేజీలో చేరకముందు ఒక ఏడాది ఖాళీ పెట్టుకుంటారట. ఆ ఏడాదిలో సొంత ఖర్చుతో ఇంకో దేశానికి పోయి, అక్కడి ఊళ్లకి గదో బావో కట్టిపెడతారట.

పక్కింటి వదినె ముక్కుమీద వేలేసుకుంది. "ఏడాదంతా పనీపాటా లేకుండా సుమ్మా తిరుగుతారా? నేను పురుడు పోసుకున్నప్పుడు గూడా ఒక నెల సుమ్మా ఉండనీలేదే, వదినే!"

"నీ నోరు ఎప్పుడు సుమ్మా ఉన్నింది?" అన్నాను.

కానీ నాకూ వింతగానే ఉంది. నా చదువు మూడో క్లాసులో ఆగింది. ఆగిన మర్నాడే మేకల వెంట పోయాను. మధ్యలో ఖాళీ ఏదీ లేదు.

ఆ పిల్ల మొదటి ఉదయం స్నానానికి పోయి, నేను దాచుకున్న మంచినీళ్లు తొట్టి అడుగు కనిపించేదాకా పోసుకుంది.

"ఏమ్మీ, నువ్వు మనిసివా, ఎనుమువా?" అని అరిచాను.

అది తడితలతో చేతులు జోడించి, "వణక్కం" అంది. వదినె గోడ అవతలినుంచి పడీపడీ నవ్వింది. మర్నాటినుంచి అర బక్కెట్టు ముందర పెట్టి, తొట్టిమీద మూత వేసి, నేను మూతమీద కూర్చునేదాన్ని. నాలుగు రోజుల్లో అర బక్కెట్టు సరిపోవడం నేర్చుకుంది.

పనిలో మాత్రం వంక పెట్టలేను. అరిచేతులు బొబ్బలెక్కేదాకా ఇటుకలు మోసింది. ఆముదం రాసి గుడ్డ చుడితే, తెల్లవారి మళ్లీ పోయింది. సజ్జ సంకటి పెడితే, కారానికి ముక్కు కారుతున్నా మిగల్చకుండా తినేది. గిన్నెలో మెతుకు వదలని పిల్లని నేనెలా తిట్టను?

సిమెంటు ఆలస్యమైంది, ఇసుక లారీ ఆలస్యమైంది, మధ్యలో ఊళ్లో ఒక చావు వచ్చింది. గోడలు లేచేసరికి చిత్తిర నెల వచ్చేసింది. కత్తిరి ఎండలు మొదలైతే మా వైపు కాకి కూడా నోరు తెరుచుకునే ఉంటుంది. సాత్తూరునుంచి వచ్చే మేస్త్రి, ఇప్పుడు స్లాబు వద్దు, రెండు వానలు పడనీ అన్నాడు. తెల్లపిల్లలకి విమానం టిక్కెట్లు ముందే కొనేసి ఉన్నాయి. పైకప్పు చూడకుండా పోవడం వాళ్లకి ఇష్టం లేదు. అందరూ నా మొహం చూశారు, ఎందుకో.

"ఎయ్యండి. వీళ్లు పోయినంక ఇంక యెవురూ ఎయ్యరు," అన్నాను.

వేశారు. ఊరంతా వరస కట్టి కాంక్రీటు చట్టీలు అందించింది. ఆ మర్నాడే వాళ్లని తీసుకుపోవడానికి వ్యాను వచ్చింది. పొడుగు పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. నా భుజం తడిసిపోయింది.

"సరి సరి. ఉండే నీళ్లంతా నా మీదనే పోస్తాండావే. పో, వ్యాను పోతాది," అన్నాను. మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

మేస్త్రి స్లాబు మీద మట్టితో చిన్న చిన్న గట్లు పెట్టాడు, మడులు కట్టినట్టు. ఆ మడుల్లో నీళ్లు నిలవాలి, ఎండితే పగులుతుంది, పగిలితే వానకి కారుతుంది అన్నాడు. బావి ఉప్పునీళ్లు పోయొద్దు, లోపలి కమ్మి తుప్పు పడుతుంది అన్నాడు. తాపీలు సంచిలో వేసుకుని అతనూ పోయాడు.

మంచినీళ్లంటే వీధి కొళాయి. రోజు విడిచి రోజు, అదీ కాసేపు. నేను కొళాయి దగ్గర నిలబడి చెప్పాను.

"ఇంటికొక బిందె. నిచ్చెన ఎక్కను చేతగానోళ్లు కింద పెట్టండి, నేను ఎక్కిస్తాను."

"తెల్లోళ్లు కట్టిరి, తెల్లోళ్లనే పొయ్యమను," అంది ఒకతె.

"వాళ్లు విమానమెక్కి పోయిరి. పైనించి పోస్తారేమో, నోరు తెరుచుకోని సూడు."

అందరూ నవ్వారు గాని ఎవరి బిందె వాళ్లు చంకకి ఎత్తుకున్నారు. "తాగనే లేదు, మిద్దెకి పొయ్యాలంట," అని వెనక గొణుగుడు.

నాకు ఒళ్లు మండింది. "పొయ్యొద్దు. పోసినోళ్ల పిల్లలే ఆ గదిలోకి. పొయ్యనోళ్ల పిల్లలు బయట కూసోని సూస్తారు."

"నీ మాటకి సర్కారు కట్టుబడతాదా, అవ్వా?"

"సర్కారు సంగతి నాకు తెలీదు. నేను కట్టుబడతాను. యెవురు పోసిరో, యెవురు పొయ్యలేదో, చచ్చేదాకా నాకు గ్యాపకం ఉంటాది."

ఉంటుందని వాళ్లకి తెలుసు. బిందెలు వచ్చాయి. వెదురు నిచ్చెన మీద ఒక్కొక్క మెట్టుకీ మోకాలు పట్టేసేది. పైన ఎండకి సిమెంటు కాలు మోపనిచ్చేది కాదు. పోసిన నీళ్లు కళ్లముందే పీల్చుకునేది. కోడలు చీకటిపడి వ్యాను దిగి, చేతులకి అగ్గిపుల్లల మందు వాసన పోకముందే, నా చంకలోంచి బిందె తీసుకుని పైకి ఎక్కేది. మొదటి వాన కురిసినప్పుడు లోపలికి పోయి చూశాను. చుక్క కారలేదు.

గది నిలబడింది. టీచరు రాలేదు. విరుదునగర్‌లో సర్కారు ఆపీసులో ఎవరో సంతకం పెట్టాలట, పెట్టాక ఇంకెవరో పంపాలట. తాళం నా దగ్గరే ఉంది.

ఒకరోజు తెల్లవారుజామున పై ఇంటి కోడలు నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని నా అరుగు దగ్గరికి వచ్చింది.

"అత్తా, గది తెరువు."

"టీచరు రాలేదే, అమ్మీ."

"పోస్తిమి కదా, అత్తా. పోసినోళ్ల పిల్లలు లోపలికని నువ్వే కదా సెప్పితివి."

తీపెట్టి ఆపీసు వ్యాను హారను కొట్టింది. పిల్లని నా చాపమీద పడుకోబెట్టి పరుగెత్తింది. దాని వెనకాల ఇంకొకతె నిలబడి ఉంది, దాని వెనకాల ఇంకొకతె. కొళాయి దగ్గర నలుగురిలో అన్న మాట. లేదనలేకపోయాను. గది తెరిచాను.

ఒక్క మనవణ్ణి దింపుకోవాలని నీళ్లు మోసినదాన్ని, గది నిండా పిల్లల్ని ఎత్తుకున్నాను. ఒకడు కొరుకుతాడు, ఒకతె తడుపుతుంది, ఒకడికి తల్లి కనిపించేదాకా ఏడుపు ఆగదు. పత్తి మొలిచింది, కలుపు పెరిగింది, కూలివాళ్లు సాళ్లు మాత్రం శుభ్రం చేసి పోయారు. రాత్రి కోడలు మోకాళ్లకి నూనె రాసేది. అది కూడా అలిసిపోయి ఉండేది. రాస్తూ రాస్తూనే నిద్రపోయేది.

మరుసటి మాసికి ఇంకో గుంపు వచ్చింది. అన్నీ కొత్త మొహాలు, అదే ఖాళీ ఏడాది. ఊరికి ఇంకేం కావాలని ఆ సంఘం అమ్మ అడిగింది.

"ఒక ఆయాని ఇయ్యమ్మా. గోడలు కట్టను మాకూ మేస్త్రులు ఉన్నారు. పిల్లల్ని చూడనే మనిషి లేదు," అన్నాను అరవంలో.

ఆమె వాళ్లతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆయాని సర్కారే వెయ్యాలి, పాట్టి. వీళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లు. చుట్టూ ప్రహరీ కడతామంటున్నారు," అంది.

కట్టారు. అబద్ధమెందుకు, పిల్లలు రోడ్డుమీదికి పోకుండా పనికొచ్చింది. ఆ గోడకి నీళ్లు పోసేటప్పుడు మాత్రం నేను ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు.

టీచరు వచ్చేసరికి నా మనవడు రెండో క్లాసులో ఉన్నాడు. ఆ టీచరు చిన్నపిల్ల, బస్సులో వచ్చి పోయేది. తాళంచెవి చేతిలో పెట్టాను.

"పాట్టీ, కొన్నాళ్లు వచ్చి కూర్చోండి. మీరు లేకపోతే ఏడుస్తారు," అంది.

"ఏడవనీ. ఏడ్చి ఊరుకుంటారు. నేను రాను."

గేటు దాటుతుంటే లోపల ఒకేసారి ఏడుపు ఎత్తుకున్నారు. తిరిగి చూస్తే ఇంకో ఏడాది అక్కడే ఉండిపోయేదాన్ని. చూడలేదు.

కార్తీకంలో, కలుపు వేళకి, చేలోకి పోయాను. కూర్చుందామంటే మోకాళ్లు వంగలేదు.

"గట్టున కూసో, అవ్వా. మేము తీస్తాం కదా," అంది కూలికి వచ్చినావిడ.

"నువ్వు తీసే లచ్చణం నాకు తెలీదా? మొదట్లో గడ్డి అట్లనే ఉండాది, సూడు."

కాళ్లు చాపుకుని సాలులో కూలబడ్డాను. కూర్చునే జరుగుతూ, ఒక్కొక్క మొక్క మొదలూ తడుముకుంటూ, ఒక సాలు తీశాను. పొద్దు వాలింది.