ఇంజనీరుకు చెప్పిన ధర

నా చిన్నప్పుడు మా ధర్మవరంలో కారున్న ఇళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పట్టు వ్యాపారం బాగా సాగినవాళ్ళు కూడా బస్సుల్లోనే తిరిగేవారు. అలాంటి ఊళ్ళో, ఉద్యోగంలో చేరి మూడు నెలలు నిండని మా చిన్నాయన కారు కొంటానన్నాడు. నాకప్పుడు పదేళ్ళు. ఆ మాట విన్న సాయంత్రానికల్లా మా తరగతిలో ఆరుగురు ఆడపిల్లలకు ఆ కారులో చోటు ఇచ్చేశాను.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. మా ఇంట్లో మగ్గం, చీరల బేరం తప్ప వేరే పని ఎరిగినవాళ్ళు లేరు. ఆయనొక్కడే చదివి ఇంజనీరయ్యాడు. మొదటి ఉద్యోగమే కరువు పనుల మీద పడింది. వానలు లేక చేలన్నీ బీళ్ళుగా ఉన్న ఏడాది అది. చెరువుల్లో పూడిక తీసే పనికి జనం ఊళ్ళకు ఊళ్ళు కదిలేవారు. కాంట్రాక్టరు కూలీలను పెట్టి తవ్విస్తాడు. ఎంత మట్టి తవ్వారో మా చిన్నాయన కొలిచి, పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. ఆ కొలతను బట్టే కాంట్రాక్టరుకు బిల్లు వస్తుంది. ఒక చెరువు నుంచి ఇంకొక చెరువుకు సైకిల్ మీద పోవాలి. వారానికొకసారి ఇంటికి వచ్చేసరికి ఆయన మెడ వెనుక చర్మం పొరలు లేచి ఉండేది. మా అమ్మ ఆముదం రాస్తుంటే పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. అందుకని ఆయన కారు కోరికను నేను ఈ రోజుకీ దురాశ అనను.

ఆ కాంట్రాక్టరే కారు ఇస్తానన్నాడు. అనంతపురంలో ఆయన షెడ్డులో ఊరికే పడి ఉందట. దుడ్లు ఉన్నప్పుడు కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చునట. ఆయన అడిగిన మొత్తం ఒక కొత్త స్కూటరు ధరకు కొంచెమే ఎక్కువ.

మా ఇంట్లో అందరూ అనుమానపడ్డారు. అంత తక్కువకు ఇస్తున్నాడంటే బండిలో ఏదో లోపం ఉండాలి. మా నాయన తాడిపత్రి నుంచి బండల లారీలు బాగుచేసే మెకానిక్కును పిలిపించి, షెడ్డుకు తీసుకుపోయాడు. అతను గంటసేపు కారు కిందే పడుకుని, లేచి చేతులు తుడుచుకుని, వంక పెట్టడానికి ఏమీ లేదన్నాడు. ఆ మాట మా నాయనకు చాలలేదు. పంచాంగం చూసే ఆయన దగ్గరకు పోయాడు. ఆయన కారు నంబరులోని అంకెలన్నీ కూడితే ఎనిమిది వచ్చింది. ఎనిమిది శనిది. దానికి ఒక శాంతి, ఒక గుమ్మడికాయ, కొంత దక్షిణ. ఇంజను చూశారు, చక్రాలు చూశారు, ఆకాశంలో శనిని కూడా చూశారు. పక్కనే నిలబడి నవ్వుతున్న కాంట్రాక్టరును మాత్రం ఒక్కరూ చూడలేదు. మన అనుమానాలు తరచుగా ఇలాగే ఉంటాయి. కష్టం లేనిచోట పడతాయి, ఇబ్బంది పెట్టేచోట పడవు.

చూసింది మా జేజి, అంటే మా నాయన తల్లి. చదువు లేదు. ఇంట్లోనే గద్దె మీద కూర్చుని నలభై ఏళ్ళు పట్టుచీరలు అమ్మింది. మెకానిక్కు భోంచేస్తున్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే. ఆ కారు బయట ఎంత పలుకుతుంది? కాంట్రాక్టరు చెప్పినదానికి మూడింతలు అన్నాడతను. జేజి చిన్నాయన వైపు తిరిగింది.

"బండి చెడిపోయినదైతే నాకు బాధ లేదురా. బాగుండాది, అదీ నా బాధ. బాగుండేదాన్ని అంత తక్కువకు ఎందుకిస్తాడు?"

"నేనంటే అభిమానమమ్మా ఆయనకు."

"మూడు నెలలకే? రేపు నీ పెండ్లానికైనా నేను చీర అసలుకిస్తా గానీ అంతకన్నా తగ్గించను. ఆయప్ప నీకేమయితాడు?"

"నీకు అందరూ దొంగల మాదిరే కనపడతారు" అని చిన్నాయన భోజనం దగ్గర నుంచి లేచిపోయాడు. కాసేపటికి వచ్చి, కారుంటే రోజుకు ఒక చెరువు బదులు మూడు చూడవచ్చనీ, అది కూలీలకే మంచిదనీ చెప్పాడు. అది తప్పు మాట కాదు. జేజి మరుసటి రోజు తన తమ్ముడికి కబురు పంపింది.

ఆయనను మేము తనకల్లు తాత అనేవాళ్ళం. ఆ ఊళ్ళో శెనక్కాయల వ్యాపారం చేసేవాడు. కాంట్రాక్టరు ఆయనను గానీ నన్ను గానీ ఎన్నడూ చూడలేదు. జేజి చెప్పింది ఇంతే. పోయి అదే కారు బేరం చెయ్యి, కొనేవాడు మారితే ధర మారుతుందేమో చూసిరా. మిగిలినవన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడటాన్ని శాస్త్ర పద్ధతి అంటారని నేను కాలేజీలో చదువుకున్నాను. మా జేజికి ఆ పేరు తెలియదు, పద్ధతి తెలుసు. తాత ఒక్కడే వచ్చి చెబితే అక్కా తమ్ముళ్ళు కూడబలుక్కున్నారని చిన్నాయన అంటాడు కాబట్టి, సాక్షిగా నన్ను పంపింది. పిల్లలు అబద్ధం చెప్పరని ఇంట్లో అందరి నమ్మకం.

షెడ్డులో కారు పక్కన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు కాంట్రాక్టరు.

"కారు అమ్మేదుందంట కదన్నా" అన్నాడు తాత.

"ఎవరు చెప్పినారప్పా?"

"బజార్లో అనుకుంటాంటే విన్యా. ముసిలోన్ని, బస్సుల్లో తిరగలేకుండా ఉండా."

కాంట్రాక్టరు ఆయనను పైనుంచి కింది వరకు చూసి ధర చెప్పాడు. మెకానిక్కు చెప్పిన ధరే. తాత గీచి గీచి బేరమాడాడు. ఇంజను మీద నమ్మకం లేదన్నాడు.

"మొన్ననే ఒక మెకానిక్కు గంటసేపు కింద దూరి చూసిపోయినాడు. ఒక్క వంక పెట్టలేదు, అడుగు పో."

"అట్లనా. ఆ చూసినోళ్ళకూ ఇదే ధరనా?"

కాంట్రాక్టరు పెద్దగా నవ్వాడు. "వాళ్ళ లెక్క వేరులేప్పా. నువ్వు నాకు రాసిచ్చేదేముంది?"

ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే, కారు మాకు రాకుండా పోతోందని. తిరుగు బస్సులో తాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను ఆ ఆరుగురినీ తలచుకున్నాను. చిన్నాయన మెడ గుర్తుకొచ్చింది. ధర అదేనని చెబితే సరిపోతుంది కదా అనిపించింది. బస్సు ధర్మవరం చేరేలోపు అది అబద్ధంలా కూడా అనిపించడం మానేసింది.

ఆ వారం ఇంటికి వచ్చిన చిన్నాయనతో సహా ఇంట్లో అందరూ మా కోసమే చూస్తున్నారు. జేజి తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. నన్ను ముందుకు పిలిచింది.

"తాతకు ఎంత చెప్పినాడు పాపా?"

"మనకు చెప్పిందే" అన్నాను.

తనకల్లు తాత నన్ను చూడలేదు, నేల చూశాడు. జేజి నన్ను గద్దించలేదు. కొడుకు వైపు మాత్రం తిరిగి, చాలా మామూలుగా, "సరే, పిల్ల చెప్పింది కదా. పోయి తెచ్చుకో" అంది.

చిన్నాయన లేచాడు. చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. గడప దాకా పోయి, అక్కడ చాలాసేపు నిలబడ్డాడు. తరువాత వెనక్కి వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు.

"అట్ల చెప్పింటాడా పాపా? నిజంగా?"

నాకు ఏడుపు వచ్చింది. చెప్పిన ధర చెప్పాను, నవ్విన నవ్వు చెప్పాను, రాసిచ్చేదేముందన్న మాట కూడా చెప్పాను. ఆ చివరి మాటను ఆయన నాతో రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడు, మాలో ఎవరూ అడగకుండానే, ఇంకొక సంగతి బయటపెట్టాడు. చెరువులో తవ్వేటప్పుడు లోతు తెలియడానికి గుంత మధ్యలో పాత నేలమట్టం వరకు ఒక మట్టి దిమ్మెను కదపకుండా వదిలేస్తారు. దాని ఎత్తు కొలిస్తే తవ్విన లోతు తెలుస్తుంది. పోయిన వారం ఒక గుంతలో దిమ్మె నెత్తిన మట్టి కొత్తగా, తడిగా కనిపించిందట. పైన ఎవరో మూరెడు మట్టి కలిపి ఎత్తు పెంచారన్నమాట.

"చూసినా. ఎండ ఎక్కువగా ఉండాదని, మళ్ళీ కొలుద్దాంలే అని వచ్చేసినా" అన్నాడు. "ఎండ ప్రతి దినమూ ఉండాది కదమ్మా."

జేజి లోపలికి పోయి ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

సోమవారం ఆయన సైకిల్ మీదే పోయి, దిమ్మెల నెత్తిన మట్టి చేత్తో తోసేసి, గుంతలన్నీ మళ్ళీ కొలిచాడు. బిల్లు తగ్గింది. కాంట్రాక్టరు ఆయనను సార్ అనడం మానేశాడు. ఎండాకాలం పోకముందే ఆయనకు బదిలీ అయింది, ఇంకా దూరానికి. అక్కడ కారు సరికదా సరైన బస్సు కూడా లేదు. ఆయన స్థానంలో వచ్చిన ఇంజనీరు ఆ కారులో తిరుగుతుండగా మా నాయన అనంతపురంలో చూశాడు. నంబరు అదే, కూడితే ఎనిమిది. ఆయనను శని ఏమీ చేసినట్టు లేదు. మూడో నెలలో పై అధికారిని కూడా చేశారు.

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయి అనంతపురంలో మొదటి ఉద్యోగంలో చేరింది. రెండో జీతం పడకముందే కారు కొనమని రోజుకు రెండు ఫోన్లు. ఈ ధర మీకు మాత్రమే, ఈ అప్పు మీకు మాత్రమే అని. సలహా కోసం నా దగ్గరకు వచ్చింది. మీకు మాత్రమే అన్న మాట వినగానే, వాళ్ళకు నీ దగ్గర నుంచి కావలసింది ఏమిటో ముందు కనుక్కోమన్నాను. నేను ఏది అడిగినా ఆ అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆఫీసు దూరమని, వాన కాలమని, అందరికీ ఉందని. అవి తప్పు జవాబులు కావు. కానీ ఒక్క ప్రశ్న దగ్గర కూడా ఆమె తడుముకోలేదు, నాకు అనుమానం వచ్చింది అక్కడే. కొనవద్దని నేను అనలేదు. ఒక వారం ఆగమన్నాను, ముఖం చిన్నబుచ్చుకుని పోయింది. వారం ఇంకా కాలేదు.

అమ్మేవాణ్ణి ఎలా పరీక్షించాలో ఆ రోజు మా జేజి చూపించింది. అది ఎవరైనా నేర్చుకోగల విద్యే. నన్ను ఇప్పటికీ వదలనిది వేరే ఉంది. నాకు ఆ అబద్ధం ఎవరూ నేర్పలేదు, ఎవరూ లంచం ఇవ్వలేదు. కారు కావాలనుకున్నాను, అంతే, బస్సు దిగేసరికి ఆ అబద్ధం నాకు నిజమైపోయింది. అందుకే నాకు ఏదైనా గట్టిగా కావాలనిపించిన రోజున, దాని గురించి లోకం చెప్పేది ఎంతో కొంత నమ్ముతాను గానీ, నేను చెప్పేది మాత్రం ఇంకొకరు నన్ను నిలదీసి అడిగేదాకా నమ్మను.