నలగని నిమ్మకాయ

పక్కింటి మేష్ట్రు పోయారు. ఆ సంగతి తెలిసే సమయానికి నేను ఆయనను తిడుతూ ఒక సందేశం టైపు చేస్తున్నాను. "మేష్ట్రే, ఇంకెన్నాళ్ళు నాన్చుతారు? అవునో కాదో ఇవాళ తేల్చండి" అని రాసి, ఇంకో నాలుగు మాటలు చేర్చాలని చూస్తుండగా ప్రహరీగోడ అవతల నుంచి ఆయన భార్య, పెద్దమ్మ గొంతు వినిపించింది. "ఏమ్మా, ఒకతూరి రా. మా ఇంటాయన పలకతాలేడు." నేను వెళ్ళేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నారు. కాఫీ తాగిన లోటా పక్కనే ఉంది. జవాబు చెప్పకుండా తప్పించుకోవడం ఆయనకు మొదటి నుంచీ అలవాటే. కానీ ఇంత అన్యాయంగా ఎప్పుడూ తప్పించుకోలేదు.

కన్నడం, తెలుగు కలిసిపోయిన మా ఊళ్ళో, గాంధీనగర్‌లో మా గోడ అవతలి ఇల్లు ఆయనది. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆ వయసు వాళ్ళు తీర్థయాత్రలకు పోతుంటే ఈయన కంప్యూటర్ తెర మీద బస్సు నడిపించే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. ఆటల్లో ఉండే కార్లను చూస్తే ఆయనకు మంట. "ఏందమ్మా ఈ బండ్లు, బరువే లేదు! గాలిపటాలు నడుపుతాండారా?" అనేవారు. నిజం బండి ఎలా కదులుతుందో తెర మీది బండీ అలాగే కదలాలి. ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవాలి. దాని కోడ్ ఎవరైనా తెరిచి చూడాలి, చేతనైతే దిద్దాలి. ఇదీ ఆయన పట్టు. ఎక్కడెక్కడి మనుషులో వచ్చి చేరారు. ఎవరికీ జీతం లేదు. స్టీలు సామాన్ల దుకాణం వాళ్ళ ఇంట్లో పుట్టి, కోడ్ రాయడం నేర్చుకున్న పాపానికి నేనూ చిక్కాను.

ఎవరు ఏ మార్పు రాసి పంపినా మేష్ట్రు ఒప్పుకుంటేనే అందులో కలిసేది. ఆయన ఒప్పుకోవడమంటే మాటలా! అందరికీ ఒకే జవాబు, కన్నడంలో: "నోడోణ." అంటే చూద్దాం అని. పోలండులో ఉండే సభ్యుడికి కన్నడమూ రాదు, తెలుగూ రాదు. అయినా ఆ మాట కనిపిస్తే తన పని మూలపడినట్టేనని అతనికీ తెలిసిపోయింది.

పోనీ, చూడటమంటే కూర్చుని చూస్తారా? గుంతల్లో బస్సు కుదుపును నేను దిద్ది పంపితే, నన్ను నిజంగానే కురుగోడు బస్సెక్కించారు. అదీ చివరి సీటు. "ముందర కూచుంటే ఊరు కనపడతాది. ఎనక కూచుంటేనే బండి తెలుస్తాది" అన్నారు. నేను ఎగిరి పడినప్పుడల్లా ఆయన మొహం వెలిగిపోయేది. "ఆఁ, ఇట్ల! నీ కోడ్‌లో ఇట్ల ఎగరల్ల!" నడుం పట్టుకుని దిగాను. దిగాక మిరపకాయ బజ్జీలు తినిపించారు, అది ఒప్పుకోవాలి. పోలండు అతన్నీ వదల్లేదు. వాళ్ళ ఊరి బస్సులో చివరి సీట్లో కూర్చుని చూడమన్నారు. పాపం, ఆ చలిలో పోయి కూర్చుని వచ్చాడు.

ఇక నిమ్మకాయ గొడవ. కొత్త బండిని మొదటిసారి కదిలించేటప్పుడు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించడం మనకు ఉన్నదే. మేష్ట్రు కొత్త వెర్షన్ విడుదల చేసిన ప్రతిసారీ తన పాత స్కూటరు చక్రం కింద ఒకటి పెట్టేవారు. "ప్రోగ్రామ్‌కు చక్రం యాడుందమ్మా? అందుకే దీనికి" అనేవారు. "ఊరగాయకని తెస్తే ఒక్కటీ మిగలనీడు" అని పెద్దమ్మ సణిగేది. ఇది విని, దోణిమలై ఇనుప ఖనిజం గనిలో ఇంజనీరుగా పనిచేసే మా సభ్యుడొకతను తెర మీది బస్సు ముందే నిమ్మకాయ పెట్టాడు. అందరం ముచ్చటపడ్డాం. బస్సు కదిలింది, నిమ్మకాయ మీదికెక్కింది, అమాంతం పక్కకు పడిపోయింది. తీరా చూస్తే, ఆ మహానుభావుడు లారీల్లో నింపడానికని తాను రాసిన ఇనుపరాయి కోడ్‌నే చిన్నది చేసి, పసుపు రంగు వేసి పెట్టాడు!

తీసేద్దామన్నాం. మేష్ట్రు వింటేనా? "నిమ్మకాయ తీసేస్తారా? తప్పమ్మా. అది నలగల్ల, రసం కారల్ల." ఇక ఒక ఎండాకాలమంతా అదే పని. వంటింట్లో నిజం నిమ్మకాయల మీద బరువులు పెట్టి పెట్టి చూశారు. అక్కడ నేను రాసి పంపిన ట్రాక్టరు కోడ్ ఆయన జవాబు కోసం మూలుగుతోంది. నాకు తల బాదుకోవాలనిపించేది.

ఆ ట్రాక్టరు నేను సరదాకు రాసింది కాదు. కురుగోడులో మా పిన్ని కూతురుంది. మొగుడు కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇంట్లో ట్రాక్టరుంది, ట్రైలరుంది, నడిపే మనిషి లేడు. ముందుకు నడపడం చెల్లెలు నేర్చుకుంది. ట్రైలరు తగిలించి వెనక్కి తీయడమే రావడం లేదు. స్టీరింగు ఒకవైపు తిప్పితే ట్రైలరు ఇంకోవైపు పోతుంది. కళ్ళంలో ప్రయత్నిస్తే చుట్టూ చేరి నవ్వేవాళ్ళే. "అక్కా, నీ కంప్యూటర్లో తప్పు చేస్తే ఎవురూ నగరు కదా, ఎప్పుడిస్తావు?" అని అడిగేది. మిరపకాయ కోతలకు ఇస్తానని మాటిచ్చాను. కోతలు మొదలయ్యాయి. మేష్ట్రు నోడోణ దగ్గరే ఉన్నారు.

చివరికి గోడ దగ్గర నిలదీశాను. "ఏం బాగలేదో చెప్పరాదా మేష్ట్రే?"

"నిండు ట్రైలరు, ఖాళీ ట్రైలరు ఒకటే మాదిరి ఎనక్కి పోతాండాయి."

"నేర్చుకునేవాళ్ళకు అది చాలదా?"

"నేర్చుకునేవాళ్ళకే చాలదమ్మా. నడపడం వచ్చినోడు సర్దుకుంటాడు. రానోళ్ళు నమ్ముతారు."

సరే, మీరే దిద్దండి అన్నాను. "నువ్వు రాసినావు, నువ్వే దిద్దల్ల" అని లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే టైపు చేస్తున్నది ఆ సందేశమే.

కర్మలన్నీ అయ్యాక సభ్యులంతా కలిసి ఆయన పని నాకు అప్పగించారు. ఇక ఆపేవాళ్ళెవరూ లేరు, నీ ట్రాక్టరు విడుదల చేసెయ్యమని పోలండు అతను రాశాడు. మంచి ఉద్దేశంతోనే రాశాడు. చెల్లెలు ఫోన్ చేసి, "ఇప్పుడన్నా ఇస్తావా అక్కా?" అంది. పెద్దమ్మ గోడ మీదుగా ఒక నిమ్మకాయ అందించి, "ఆయన స్కూటరు ఆడనే ఉండాది, తీసుకోమ్మా" అంది. ఒక్క బటన్ నొక్కితే అయిపోయేది.

నొక్కేముందు ఒకసారి నడిపి చూశాను. ట్రైలరు నిండా మిరపకాయ బస్తాలు. ట్రాక్టరు ముందు చక్రం ఎదుట, ఆయన అంత కష్టపడి దిద్దిన నిమ్మకాయ. రివర్స్ గేరు వేశాను. అన్ని బస్తాల ట్రైలరు పూలబుట్టలాగా తేలిగ్గా వెనక్కి మళ్ళింది. చెల్లెలు ఇది నమ్మి కళ్ళంలో ఇలాగే తీస్తే? వెనక మనుషులుంటే?

పోయాక కూడా ఆయన మాటే నెగ్గాలా! బతికుండగా కూడా ఆయన మీద నాకింత కోపం రాలేదు, ఇంత ఏడుపూ రాలేదు. జీతం లేని పనిని, మొహం తెలియని మనుషుల కోసం, వాళ్ళకేమవుతుందోనని అంత భయంగా చేసిన మనిషిని నేనింకొకరిని చూడలేదు. కళ్ళు తుడుచుకుని నేను రాసిన పని కింద నేనే రాశాను: "నోడోణ."

"నువ్వూ ఆ సారు పాటే పాడతాండావేందక్కా?" అని, ఆ మాట చెప్పగానే చెల్లెలు ఫోన్‌లో విసుక్కుంది.

"రేపు పొద్దున బస్సుకు వస్తాండా. ట్రైలరు నిండా బస్తాలెయ్యి, బాగా నడిపేవాళ్ళనెవరినన్నా పిలు. నేను ఎనక బస్తాల మీద కూచుంటా" అన్నాను.

ఫోన్ పెట్టి చూస్తే, తెర మీద ట్రాక్టరు వెనక్కి పోయి దూరంగా నిలబడి ఉంది. ఇంజను ఇంకా కొట్టుకుంటోంది. నిమ్మకాయ నలగకుండా రోడ్డు మధ్యలో అలాగే ఉంది.