సంగటి కెలికిన డ్రమ్ము కట్టె

శ్రీనివాసప్ప ట్రంకుపెట్టె ముందు కూర్చుని లేవలేదు. పై అంతస్తుల్లో అద్దెకుండే సాఫ్టువేరు పిల్లలకు నీళ్ళ మోటరు వేసే వేళ దాటినా లేవలేదు. తెగిన క్యాసెట్టు, పోస్టరు, టికెట్టు ముక్క, అన్నీ ఉన్నాయి. కట్టె లేదు.

పాపక్క వంటింట్లోంచి చూసింది. మొగుడి మొహం అట్లా పాలిపోవడం ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూసేసిన రోజు చూసింది, మళ్ళీ ఈరోజే.

"ఏం పోయింది?"

"ఓంకార్ కట్టె."

ఓంకార్ సంగతి బెంగళూరు పక్క కుందలహళ్ళిలో ఆ ఇంటి గోడలకు కూడా తెలుసు. శ్రీనివాసప్పకు మీసాలొచ్చే రోజుల్లో 'మాన్‌సూన్ వైర్స్' అని బెంగళూరు పిల్లోళ్ళ రాక్ బ్యాండ్ ఒకటుండేది. దాంట్లో డ్రమ్ములు కొట్టేవాడు ఓంకార్. ఆఖరి కచేరీలో చేతి కట్టెను జనంలోకి విసిరితే ఈయన పట్టుకున్నాడు. దాని మీద ఓంకార్ సంతకం కూడా ఉందని పెండ్లిచూపుల్లోనే గొప్ప చెప్పుకున్నాడు. చూస్తే అరిగిపోతుందన్నట్టు పెండ్లయినంక ఎవరికీ చూపించలేదు. ఈ ఆదివారం వైట్‌ఫీల్డులో ఓంకార్ పాత అభిమానులను కలుస్తాడట. ఎవరి గుర్తులు వాళ్ళు తేవాలట.

పాపక్క పొయ్యి పక్క గోడ వైపు తిరిగింది. మేకుకు దారంతో సంగటి కట్టె వేలాడుతోంది. రెండేండ్ల కింద సున్నం వేసేటప్పుడు పెట్టె బయటేసినారు. అదే పూట పాత కట్టె విరిగింది, ఎసరు మరుగుతోంది. పెట్టెలో నున్నటి కట్టె కనబడితే తీసుకుంది. డ్రమ్ము కట్టె అంటే తమ ఊరి డోలు పుల్ల మాదిరి వంకరగా ఉంటుందని ఆమె లెక్క. ఇదేమో తిన్నగా, ఇద్దరి సంగటికి కొలిచి చేసినట్టుంది. చివర గాడి చూసి, దారం కట్టడానికే అనుకుంది. మీద సిరా గీతలేవో ఉంటే మరక అనుకుని కడిగేసింది.

"ఇదేనా?"

శ్రీనివాసప్ప అందుకున్నాడు. రాగిపిండి ఎక్కి నల్లబడిన కట్టె. సంతకం ఆనవాలు లేదు. ఆయన బొటనవేలితో రుద్ది రుద్ది చూశాడు. తిట్టే మొగుడికి పాపక్క దగ్గర జవాబులు బోలెడు. ఇట్లా కట్టె రుద్దుకునే మొగుడికి ఒక్కటీ లేదు.

"రెండేండ్లు దీంతో కెలికిన సంగటే తింటివి. ఒక్కనాడన్నా వంటింటి గోడ చూసింటే అప్పుడే దొరికేది," అంది చివరికి. ఆ మాట ఆమెకే చేదుగా అనిపించింది.

ఆదివారం తానూ బయల్దేరింది. తప్పు తనదైతే తలవంపులు కూడా తనవే.

హోటల్లో ఇంకో ముగ్గురు మఖమల్ గుడ్డల్లో కట్టెలు తెచ్చినారు. మూడింటి మీదా సంతకాలు మెరుస్తున్నాయి. శ్రీనివాసప్ప తన కట్టెను మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు. పాపక్క లాగి బల్ల మీద పెట్టింది.

తెల్లజుట్టు ఓంకార్ నాలుగింటినీ చూశాడు. "నేను విసిరింది ఒకటే గదప్పా. ఆ రాత్రి సంతకమే పెట్టలేదు. వేళ్ళకు బొబ్బలెక్కి గ్లాసు కూడా పట్టలేకపోయినా."

ఓంకార్ నల్ల కట్టెను తిప్పి, బొటనవేలు గాడిలో పెట్టాడు. "ఈ దారం ఎవరు కట్టినారు?"

"నేనేప్పా. గాడి ఉండాది కదా అని."

"చెయ్యి జారకుండా నేను కోసుకున్న గాడి ఇది." దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సంగటి వాసన."

అందరూ శ్రీనివాసప్ప చేతులు పట్టుకుని ఊపుతున్నారు. పాపక్కకు మాత్రం ఒకటి తట్టింది. ఓంకార్ పెట్టలేదంటే, ఇన్నేండ్లూ ఇంట్లో ఉన్న ఆ సంతకం ఎవరిది?

మొగుడి వైపు చూసింది. ఆయన చూపు నేలకు దించాడు.

"పెండ్లికి ముందు ఉత్త కట్టె చూపిస్తే ఎవరూ నమ్మలేదు పాపా. నేనే రాసుకున్నా."

పెండ్లిచూపుల్లో విన్న మొదటి మాటే అబద్ధమని తెలిసిన ఆడది ఏం చేయాలో పాపక్కకు తోచలేదు. బస్సు కుందలహళ్ళి చేరింది. దిగే ముందు అంది:

"రేపు కొత్త కట్టె కొనుక్కుంటా. దీన్ని పెట్టెలో పెట్టుకో. మళ్ళీ దాని మీద ఏమన్నా రాస్తివా, సంగటికే తెస్తా."