ఇద్దరుంటే క్లాసు

బి.ఏ.లో మూడో ఆప్షనల్ ఏది తీసుకోవాలన్నది మా బోధన్ నుంచి నిజామాబాద్ కాలేజీకి పోయే రైల్లో తేలిపోయింది. తేల్చినవాళ్ళం నేనూ, మా వీధి స్నేహితుడూ. అరవైల మొదటి రోజులు. వానకు తడిసిన చెరుకు తోటలు కిటికీలో మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఏ నిర్ణయమైనా సరైనదే అనిపించేది.

"ఫారసీ తీసుకుందాం," అన్నాడు వాడు. "ఒక్కటే పుస్తకం. సారు మార్కులేసుట్ల పిసినారి కాదట."

ఐదో తరగతి దాకా ఉర్దూలో చదివాం కాబట్టి లిపి వచ్చు. అర్థం సంగతి సారు చూసుకుంటాడు. ఇంట్లో చెబితే బాపు, "నవాబుల రాజ్యం పోయి ఇన్నేండ్లాయె. గిప్పుడు ఫారసీల ఎవనితోని మాట్లాడుతవురా?" అని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

క్లాసులో మేమిద్దరమే. ఇద్దరున్న క్లాసు ఎగ్గొట్టడం కుదరదన్న సంగతి చేరకముందు మాకు తట్టలేదు. సారుది నిజామాబాద్‌లో తాతల నాటి కుటుంబం, రిటైర్మెంటు దగ్గరపడింది. కళ్ళు మూసుకుని పాఠం చెప్పేవాడు. ఒక తోట గురించి రెండు పద్యపాదాలు చదివి, ఆ తోటలోనే అరగంట తిరిగేవాడు. వెనకాలే మేము. అక్కడ ఏవో నీళ్ళు పారుతుండేవి. ఎవరో రాబోతుండేవారు. గంట కొట్టేసరికి కూడా వాళ్ళు వచ్చేవారు కారు. మేము రైలెక్కేవాళ్ళం.

దసరా సెలవులయ్యాక నా స్నేహితుడు భూగోళానికి మారతానన్నాడు. ఆ మాట సారు చెవిన పడింది.

"ఇద్దరుంటే క్లాసు బేటా," అన్నాడాయన నవ్వుతూనే. "ఒక్కడుంటే ముచ్చట. ముచ్చట చెప్తే సర్కార్ జీతమియ్యదు. నన్ను ఎటో బదిలీ చేస్తరు."

ఇంట్లో చూపు పోయిన భార్య ఉన్నదనీ, ఆ ఒక్క ఇంట్లోనే ఆమె గోడ పట్టుకోకుండా తిరగగలదనీ ఆయన చెప్పలేదు. ఆయన ఉండే కంఠేశ్వర్‌లో అందరికీ తెలుసు.

సాయంత్రం రైల్లో వాణ్ణి పట్టుకున్నాను.

"భూగోళంల ఏమున్నదిరా?"

"ముగ్గురు ఆడిపిల్లలున్నరు. ఫారసీల నువ్వున్నవు."

ఆ వాదనలో లోపం కనిపించలేదు. అయినా ఊరుకోలేదు. "పటాలు గీయాలె. నువ్వు ఇంటి తొవ్వ సుత చక్కెర ఫ్యాక్టరీ వాసన పట్టి దొర్కపట్టేటోనివి."

"ముగ్గురున్నరురా," అన్నాడు మళ్ళీ.

"సారును పంపిస్తరు."

"ఎరుకే," అని కిటికీ వైపు తిరిగాడు. బయట చీకటీ మంచూ దిగుతున్నాయి. చెరుకు బండ్లు కనిపించడం లేదు, ఎడ్ల మెడల్లో గంటలు మాత్రం వినిపిస్తున్నాయి.

మర్నాడు గంట కొట్టాక గదిలో సారూ నేనూ. ఆయన పుస్తకం తెరవలేదు. కళ్ళద్దాలు తుడిచాడు, పెట్టుకున్నాడు, తీసి మళ్ళీ తుడిచాడు. నేను బయటికి చూసే పనిని శ్రద్ధగా చేశాను. బెంచీ మీది ఎండ కొంచెం పక్కకు జరిగింది.

చాలాసేపటికి వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"గా భూగోళం సారు తొలి దినమే పరీక్ష పెడ్తడట," అని గొణిగాడు.

భూగోళం సారు ఆ వారమంతా సెలవులో ఉన్నాడు. నా పుస్తకం వాడి వైపు జరిపాను.

సారు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. కాసేపటికే వాడు బెంచీ మీద చెంప ఆనించి నిద్రపోయాడు. సారు చూశాడు. గొంతు కొంచెం తగ్గించి, తర్వాతి పాదం అందుకున్నాడు.