స్వరూప చేతుల గురించి నేను చెప్పిన అబద్ధం

పుష్కరం దాటింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి మా ఆయనతో కూడా అనలేదు. నేను ఎవరి సొత్తూ తినలేదు, ఎవరి కాపురమూ కూల్చలేదు. ఒక గిన్నెడు చాక్లెట్ పాడవబోతుంటే చూస్తూ ఊరుకున్నాను, ఆ తర్వాత ఒక అబద్ధం చెప్పాను. ఇంతేనా అంటారు మీరు. నేనూ అలాగే అనుకుని ఎన్నోసార్లు పక్కన పెట్టేశాను. పెట్టిన చోట ఉండదు, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. నన్ను తొలిచేది పశ్చాత్తాపం ఒక్కటే కాదు, అసలు ఎందుకు చేశాను అన్న ప్రశ్న. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు అక్కర్లేదు. అందుకే మీ ముందు తవ్వి చూసుకుంటాను.

మాది తెనాలి వైపు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేవారు. మన్సూరాబాద్‌లో అద్దెకుండేవాళ్ళం. పై వాటాలో స్వరూప వాళ్ళు. పోచంపల్లిలో మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్ల, భర్తకు చీరల కొట్టు. నాకంటే ఐదారేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. నేను ఇంట్లోనే చాక్లెట్లు చేసి కాలనీ పుట్టినరోజులకు ఇచ్చేదాన్ని. పిల్లలకు నేను చాక్లెట్ ఆంటీని. ఆ పిలుపంటే నాకు ఎంత ప్రాణమో ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసేది.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎప్పుడు ఏ బంద్ పడుతుందో తెలిసేది కాదు. మా వీధి చివరింటాయన అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర స్టూడియోలో సినిమా సెట్లు వేసేవాడు. కూతురి ఐదో పుట్టినరోజుకి ఇంటినే సినిమా హాలు చేస్తామన్నారు. గేటు దగ్గర టికెట్లు చింపడం, లోపల పిల్లలకు కెమెరా, రీలు, క్లాప్ బోర్డు ఆకారాల్లో చాక్లెట్లు. బేగంబజారంతా తిరిగి అచ్చులు నేనే తెచ్చాను. వంద పైనే కావాలి, ఒక్కదాని వల్ల కాదు. సాయానికి స్వరూపను పిలిచాను.

క్లాప్ బోర్డు మీద తెల్ల చారలుంటాయి కదా. ముందు తెల్ల చాక్లెట్ కరిగించి అచ్చులో ఆ చారల వరకే నింపాలి, అది గట్టిపడ్డాక పైన నల్లది పొయ్యాలి. నా చారలు ఎప్పుడూ పక్కకు పాకేవి. స్వరూప ఒక టూత్‌పిక్ తీసుకుని మొదటిసారే స్కేలు పెట్టి గీసినట్టు నింపింది. ఎలా వచ్చిందని అడిగితే నవ్వింది. చిన్నప్పుడు రంగు ఎక్కకూడని చోటల్లా నూలుకు సైకిల్ ట్యూబు ముక్కలతో ముడులు వేసేదట, ముడి కాస్త జరిగినా చీర మీద పువ్వు వంకర పోయేదట. అంతలో పాప తల్లి వచ్చి చూసింది. బోర్డులన్నీ ఈవిడతోనే చేయించండి అంది. వెళ్తూ వెళ్తూ స్వరూప ఫోన్ నంబరు అడిగి తీసుకుంది. నేను నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం భగ్గుమంది.

మర్నాటి నుంచి రెండు రోజులు బంద్. బస్సులు లేవు, కొట్లు తెరవలేదు. పార్టీ ఆ మరుసటి సాయంత్రం. స్వరూప పొద్దున్నే మా వంటింట్లో నల్ల చాక్లెట్ కరిగించడానికి పెట్టింది. కింది గిన్నెలో మరిగే నీళ్ళు, దాని మీద చిన్న గిన్నెలో చాక్లెట్ ముక్కలు. తొందరగా కరుగుతుందని రెండూ కప్పేలా పెద్ద మూత పెట్టేసింది. రోజూ అన్నం వండే చెయ్యి చేసే పనే. కానీ మూత లోపలి ఆవిరి నీరై కారుతుంది. నాలుగు బొట్లు పడితే చాలు, చాక్లెట్ బిరుసెక్కి ఇసకలా అయిపోతుంది. నేర్చుకునే కొత్తలో నాకూ రెండుసార్లు అలాగే అయింది. తెలిసీ చెప్పలేదు.

ఆ కాసేపటిని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. అప్పుడు నాలో కోపం లేదు. కసి ఉందా అంటే, ఉండే ఉంటుంది. కానీ బాగా గుర్తున్నది వేరు. బొట్టు పడుతుందా, పడదా? పడితే ఈమె మొహం ఎలా ఉంటుంది? చీమల దారికి వేలు అడ్డం పెట్టి చూసే పిల్లల్లా, అదొక్కటే కుతూహలం. నన్ను అక్కా అని పిలిచే మనిషి మీద అలాంటి కుతూహలం ఎలా పుట్టింది? నాకు ఇప్పటికీ తెలియదు.

స్వరూప మూత తీసి గరిటె తిప్పబోయింది. తిరగలేదు.

"అక్కా, గిట్లెందుకైంది? నేనేం తప్పు జేసిన?"

"నీ తప్పేం లేదు స్వరూపా. కొందరి చేతులు వేడి. చాక్లెట్‌కి పడవు, అంతే."

తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "నిన్న మంచిగనే ఒచ్చినయి గద," అంది మెల్లగా.

ఒక్కోసారి అంతేనన్నాను.

మళ్ళీ చాక్లెట్ కొనే దారి లేదు. మిగిలినదాంతో నేనే చేశాను. బోర్డులు తక్కువ, చారలు వంకర. పిల్లలు చారలు చూసి తింటారా, చిటికెలో ఖాళీ చేశారు. అందరూ నన్నే మెచ్చుకున్నారు. స్వరూప మంచినీళ్ళ గ్లాసులు అందిస్తూ తిరిగింది. ఎవరో చాక్లెట్ ట్రే పట్టుకోమంటే, నా చేతుల వేడికి కరుగుతాయని వెనక్కి తగ్గింది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ అచ్చు ముట్టుకోలేదు.

చాలాకాలం నాకొక సాకు ఉండేది. ఒకరోజు మెట్ల మీద స్వరూప, తెలంగాణ వస్తే మీరు మీ ఊరికి వెళ్ళిపోతారా అని అడిగింది. ఆ మాటకు మనసు విరిగిందని, అందుకే మూత సంగతి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రోజులే అలాంటివి కదా అనుకున్నాను. ఈమధ్య పాత ఫోటోలు సర్దుతుంటే నిజం తేలింది. ఆ మాట అడిగిన రోజే ఈ ఫోటోలు నా చేతికిచ్చింది. అవి ఆ పుట్టినరోజు ఫోటోలు. అంటే అడిగింది పార్టీ అయ్యాక. నేనేమో ఇన్నేళ్ళూ దాన్ని ముందుకు జరిపి గుర్తుపెట్టుకున్నాను. పైగా ఇప్పుడు తలుచుకుంటే ఆ గొంతులో వెటకారం లేదు, నేను వెళ్ళిపోతానేమోనన్న బెంగ ఉంది. నా ఈర్ష్యను తీసుకెళ్ళి ఉద్యమం నెత్తిన రుద్దాను.

మొన్న ఎల్బీ నగర్ మెట్రో మెట్ల దగ్గర కనిపించింది. వాళ్ళు ఇల్లు మారి చాలా ఏళ్ళయింది. పక్కన ఇంటర్ చదివే కూతురు. కేకులు, చాక్లెట్లు నేర్చుకుంటానని గొడవ చేస్తోందట. మా ఇంట్లో అందరివీ వేడి చేతులే, ఈ పెద్దమ్మే చెప్పింది అని స్వరూప నవ్వుతూ నన్ను చూపించింది. ఆ పిల్ల తన అరచేతులు చూసుకుంది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. మీ ఆయన బాగున్నారా అని అడిగాను.

ఆమె క్షమిస్తుందో లేదో తెలియదు. అడగలేదు కాబట్టి తెలిసే దారీ లేదు. మీకు చెప్పినందుకు కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతకుమించి నాకు అర్హత లేదు. ఇక్కడ ఆమె పేరు మార్చాను. ఇందాక వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, ఆమె అసలు పేరు పెట్టి పిలిచి, ఆ రోజు అనవలసిన మాట పైకి అన్నాను. మూత తీసెయ్యమ్మా, నీళ్ళు పడతాయి. ఇంతే మాట.