అమ్మ కాల్చిన వల గుండ్లు

నా కడుపుమంట ఇంకా చల్లారలేదు. చల్లారాలని నాకూ లేదు.

అమ్మ బందరు అవతల సముద్రపు పల్లెలో పుట్టి, పెళ్ళయ్యి తిరువూరు వచ్చింది. ఆ పల్లె ఇప్పుడు లేదు, ఇసుక దిబ్బే మిగిలింది. పత్తిచేలూ మామిడితోటలూ తప్ప ఎరగని మా చుట్టాలు "అదీ ఒక ఊరేనా?" అని అమ్మని దెప్పేవాళ్ళు. అక్కడ తరతరాలుగా మనుషులు బతికారని నిరూపించాలని నాకు పంతం పట్టింది. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. సెలవులొస్తే బస్సెక్కి వెళ్ళి, దిబ్బ మీద తేలిన గుల్లలూ, వల మునగడానికి అడుగున కట్టే కాల్చిన మట్టి గుండ్లూ ఏరుకొచ్చేదాన్ని.

పోల్చి చూడ్డానికి అమ్మ చేత కొత్త గుండ్లు చేయించాను. మా పెరటి మట్టితో చేసి పిడకల్లో కాల్చింది. వల ఎవరింటిదో తెలియడానికి ఆ పల్లె ఆడవాళ్ళు పచ్చిమట్టి మీద గోటితో గీత నొక్కేవారట, తనూ అలాగే నొక్కింది. పాతవాటి మీదా అదే గీత! అమ్మ కళ్ళొత్తుకుంది. అన్నీ ఒకే ట్రేలో పెట్టి, ఏది పాతదో ఏది కొత్తదో రాసి, కింద నా పేరు వేసి చీటీలు అంటించాను.

మా శాఖ పెద్దాయన "చూసిస్తానమ్మా" అని ట్రే పట్టుకెళ్ళాడు. కొన్నాళ్ళకి ఊళ్ళో సభ పెడుతున్నాననీ, అదంతా తన పరిశోధనేననీ చాటించాడు. ఆయన గదిలో ట్రే చూద్దును కదా, ఒక్క చీటీ లేదు. వాటి మీద నా పేరుందని అన్నీ పీకేశాడు మహానుభావుడు! ఇక పాతవేవో ఆయనకేం తెలుస్తుంది? నేను చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ సభ ఎప్పుడా అని ఎదురుచూశాను.

సభలో ఆయన ఒక గుండు ఎత్తి చూపించి "వందల ఏళ్ళ నాటిది" అన్నాడు. లేచి నిలబడ్డాను.

"సార్, అది పోయిన వేసవిలో మా అమ్మ పెరట్లో కాల్చిందండి. ఇదిగో, నా పక్కనే కూర్చుంది."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మొహం మాడిపోయింది.

"ముందే చెప్పొచ్చుగా అమ్మా," అని గొణిగాడు.

"మీరు నా పేరు ఉంచొచ్చుగా సార్!"

ఇంటికొచ్చే దారిలో అమ్మ నా వైపు తిరిగింది.

"బాగానే గడ్డిపెట్టావులే. మరి పాతవి కూడా నేను చేసినవే అంటారుగా ఇక? మా పల్లె ఉందని ఎవరు నమ్ముతారే?"

నిజమే. ఇప్పుడు ఎవరికి ఏ గుండు చూపించినా "ఇదీ మీ అమ్మ కాల్చిందేనా?" అని నవ్వుతారు. అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుంది. ఆ ఉసురు కూడా ఆయనకే తగలాలి.