బూరె పాడిన జోల

మా చెల్లెలు మీనా పురిటికి వచ్చినప్పటి నుంచి ఇంట్లో మళ్ళీ వసకొమ్ము కాలుతున్న వాసన. ఆముదం దీపం మీద కొమ్మును నల్లగా కాల్చి, సానరాయి మీద అరగదీసి, పసిబిడ్డ బొడ్డు చుట్టూ రాయడం మా వాళ్ళ అలవాటు. డాక్టరమ్మ ఇవన్నీ ఎందుకని విసుక్కున్నా, మా అమ్మ ఆవిడ ముందు తలూపి ఇంటికొచ్చి దీపం వెలిగిస్తుంది. ఘాటుగా, కాస్త మట్టిగా, కాస్త మందుగా ఉండే ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, ముదలియార్‌పేటలోని ఈ అపార్ట్‌మెంటు మాయమైపోతుంది. కోసపాళయంలోని మా పాత పొడుగింట్లో, ఎర్రగచ్చు నేల మీద, కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు చుట్టుకుని కూర్చున్న మూడో తరగతి పిల్లనైపోతాను.

మాది నాటుమందుల కొట్టు. కొట్టు ముందు, ఇల్లు వెనక, మధ్యలో ఆకాశం కనిపించే ముట్రం. పిప్పళ్ళు, శొంఠి, అతిమధురం, సాంబ్రాణి అన్నీ కలిసిన వాసన మా బట్టలకి, పుస్తకాలకి, చివరికి పెరుగన్నానికి కూడా పట్టేసేది. దీపావళికి ముందు అవ్వ ఇత్తడి గుండిగలో లేహ్యం కలుపుతుంటే వీధి పిల్లలందరం వేళ్ళు చాపి వరసలో నిలబడేవాళ్ళం. ఎండాకాలం కత్తిరి రోజుల్లో ముట్రంలో తడిపిన గోనెపట్టాలు వేలాడదీసి, వాటి నీడలో పల్లాంగుళి, అదే వామనగుంటల పలక పెట్టుకుని చింతగింజలతో ఆడుతూ, నన్నారి షర్బత్ ఎప్పుడిస్తారా అని వంటింటి వైపు చూస్తూ ఉండేవాళ్ళం. ఆడి నెల, అంటే ఆషాఢం వస్తే వీరాంపట్టినం అమ్మవారి తేరు తిరునాళ్ళు. ఆ తేరు కోసం కొన్న పూసల దండ మళ్ళీ తేరు వచ్చేదాకా మెడలోనే ఉండేది.

అవ్వ మా నాన్న తల్లి. పుట్టింది, పెరిగింది, మెట్టింది అన్నీ ఈ ఊరే. ఆమె మాట్లాడేది తెలుగే అయినా అందులో సగం అరవం. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అమ్మది యానాం. పెళ్ళై ఇన్నేళ్ళైనా అవ్వ మాట అమ్మకి సగమే అర్థమయ్యేది, అమ్మ మాట అవ్వకి మరీ సాగదీసినట్టు ఉండేది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు నాకు చాడీలు చెప్పేవాళ్ళు, నేను మాత్రం ఇద్దరి దగ్గరా బెల్లం ముక్క తీసుకునేదాన్ని.

మీనా పుట్టిన ఎండాకాలం ఆ చాడీలు కూడా ఆగిపోయాయి. అమ్మకి నిద్ర కరువైంది. పాప ఏడిస్తే నిద్రలేదు సరే, పాప నిద్రపోయినా అమ్మ పోయేది కాదు. తను కళ్ళు మూస్తే బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. మాటిమాటికీ లేచి పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. వెల్లుల్లి కారం, మిరియాల చారు, మా కొట్టులోని మందులన్నీ అయ్యాయి. డాక్టరు ఇచ్చిన మాత్ర మింగనంది, పాప ఏడ్చినా వినపడదని. ఒకరోజు మధ్యాహ్నం పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు తూలింది. అవ్వ పక్కనే ఉండబట్టి పాపను అందుకుంది గానీ, లేకపోతే ఏమయ్యేదో. ఆ సాయంత్రం కొట్టు గడపలో నిలబడి అవ్వ నాన్నతో అన్న మాట నాకింకా గుర్తు.

"ఈ పిల్ల ఇట్నే ఉండిందంటే మనకి దక్కదురా. ఏదైనా చెయ్యి."

నాన్న ఏం చేస్తాడు? పొట్లం కడుతున్న చేతులు ఆపి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు.

అలాంటి ఇంటికి సెలవులకని కారైకాల్ నుంచి మేనత్త కొడుకు ప్రభా బావ దిగాడు. నాకన్నా మూడేళ్ళు పెద్ద. సంచిలో బట్టలకన్నా భద్రంగా, తువ్వాలులో చుట్టి ఒక ఆట డబ్బా తెచ్చుకున్నాడు. ఫ్రాన్సులో ఉండే వాళ్ళ పక్కింటాయన ఇచ్చాడట. అరచేతిలో పట్టే చిన్న తెర, కింద నాలుగు మీటలు. తెర మీద ఒక పిల్లవాడు గడ్డిలో నడుస్తుంటాడు; గడ్డిలోంచి ఏదో ఒక వింత జంతువు మీదికొస్తుంది; మనం పెంచుకుంటున్న జంతువును దాని మీదికి పంపాలి. రాతంతా ఫ్రెంచి. మా ఇద్దరికీ ముక్క రాదు. అందుకని జంతువులకి, వాటి విద్యలకి మేమే పేర్లు పెట్టుకున్నాం. గోకుడు, ఉమ్ము, నిప్పు, బురద. సెలవులు అయ్యేలోపు ఆఖరి వీరుణ్ణి ఓడించి ఆట ముగించాలని బావ పట్టుదల. వాళ్ళ బడిలో ఇంకెవరూ అక్కడిదాకా పోలేదట.

అందరూ వద్దనగా మిగిలిన వంకాయ కూర లాగా నా వంతుకొచ్చిన జంతువు ఒకటుంది. పొట్ట, పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు, గోధుమ రంగు. దానికి బూరె అని పేరు పెట్టాను. దానికి దెబ్బ కొట్టడం రాదు. ఒకే ఒక్క విద్య వచ్చు. అది నొక్కితే బూరె నోరు తెరుస్తుంది, తెర మీద చుక్కలు తేలుతాయి, అంతే. సగం సార్లు ఎదుటి జంతువుకి ఏమీ కాదు. పనికిమాలినదని బావ దాన్ని నాకు వదిలేశాడు. తగిలినప్పుడు మాత్రం ఎదుటిది కళ్ళు మూసుకుని తూగుతుంది, అప్పుడు దాన్ని దెబ్బ కొట్టకుండానే వల వేసి పట్టుకోవచ్చని కొన్నాళ్ళకి గాని తెలియలేదు.

పాప లేస్తుందని డబ్బాకి గొంతు పూర్తిగా తగ్గించి ఆడాలని ఆజ్ఞ. ఒక మధ్యాహ్నం పాత చీర ఉయ్యాలలో మీనా ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంటే, ఎలాగూ ఎవరికీ వినపడదు కదా అని నేను గొంతు పెంచాను. బూరె పాడింది. సన్నగా, దిగుతూ, మళ్ళీ ఎక్కుతూ, పిసరంత రాగం. ఇన్నాళ్ళూ అది పాడుతోందని మాకు తెలియనే లేదు. మీనా ఏడుపు ఠక్కున ఆగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ. తెర మీద ఎదురొచ్చిన పురుగులాంటి జంతువు తూగింది, ఉయ్యాల్లో పాప తూగింది, తలెత్తి చూస్తే గోడకి ఆనుకున్న అమ్మ కూడా తల వాల్చేసింది.

"ఏయ్, అత్తకి కూడా తగిలిందే!" అన్నాడు బావ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ రోజు నుంచి మాకదే పని. ఎదుటి జంతువుని ఓడిస్తే పోరు అయిపోతుంది, పాట ఆగుతుంది, అందుకని ఓడించకూడదు. వరసగా కొన్నిసార్లు పాడేసరికి బూరెకి గొంతు ఎండిపోతుంది. ఆటలోని ఊరికి తీసుకెళ్ళి పడుకోబెట్టి మళ్ళీ గడ్డిలోకి తేవాలి. ఆ కాస్త సందులోనే అమ్మ కళ్ళు తెరిచేసేది. బావ పళ్ళు బిగించి మీటలు నొక్కుతూ బూరెను పరిగెత్తించేవాడు. ఆఖరి వీరుడు ఎక్కడో కొండ మీద ఎదురుచూస్తుంటే, బావ సెలవుల్లో మిగిలిన మధ్యాహ్నాలన్నీ ఊరి చివరి గడ్డిలో ఒక పురుగుకి జోల పాడించడానికి ఖర్చుపెట్టాడు. గొణిగేవాడు, నా జడ లాగేవాడు, అయినా డబ్బా కింద పెట్టేవాడు కాదు. బావ మీద నాకిప్పటికీ ప్రాణం ఉందంటే అందుకే.

బడులు తెరిచే రోజులొచ్చాయి. బావ పోవాలి, డబ్బా కూడా పోవాలి. అమ్మ నోరు తెరిచి అడగలేదు గానీ ఆ డబ్బా వైపు చూసే చూపు మారిపోయింది. అది పోతుందన్న దిగులుతో మధ్యాహ్నం నిద్ర మళ్ళీ కరువైంది. అప్పటిదాకా దాన్ని దయ్యాల పెట్టె అని తిట్టిన అవ్వ వచ్చి బావ పక్కన చతికిలబడింది.

"ఏందిరా ఆ పాట? యాడ, నా చెవికాడ పెట్టు."

"అది పాట కాదవ్వా, బూరె విద్య. ఎదురొచ్చినదాన్ని నిద్రపుచ్చేది."

"నిద్రపుచ్చి ఏం చేస్తాది?"

"పట్టుకుంటాది. కొట్టకుండా."

"పరవాలేదే, బుద్ధిగల్ల జంతువే," అంది అవ్వ. "ఇంకొకతూరి పెట్టు."

బావ వెళ్ళేదాకా అవ్వ డబ్బాను చెవికి ఆనించుకునే తిరిగింది. శొంఠి దంచుతూ కూనిరాగం, బియ్యం చెరుగుతూ కూనిరాగం. అవ్వది రోకలి గొంతు. ఆమె పాత జోలలకి మీనా ఇంకా గట్టిగా ఏడ్చేది. బావ బస్సెక్కిన మధ్యాహ్నం అవ్వ ఉయ్యాల తాడు నా కాలి నుంచి విప్పి తన చేతికి చుట్టుకుంది. ఆ పిసరంత రాగానికి తనే మాటలు కట్టి పాడింది.

నిదరో నిదరా యాడుండావే?
వసకొమ్ము వాసన కాడుండానే.

అంతే పాట. అదే మళ్ళీ మళ్ళీ. మీనా చెవులు రిక్కించింది, ఒకసారి ఉలిక్కిపడింది, కాళ్ళు తన్నుకుంటూ ఉండిపోయింది. అమ్మ మాత్రం చాప మీద పక్కకి ఒరిగింది. అవ్వ నాకు సైగ చేసింది, తలుపు దగ్గరకి వేసెయ్యమని. నాన్న కొట్టులో దంపుడు ఆపేశాడు. పూలమ్మే ఆమె వీధిలో కేక వెయ్యబోతే నేను గుమ్మంలో నిలబడి చేతులూపాను. ముట్రంలో ఎండ ఒక గోడ దిగి ఇంకో గోడ ఎక్కేదాకా అమ్మ నిద్రపోయింది, అవ్వ ఒక్కసారీ ఆపకుండా పాడింది. లేచాక అమ్మ మొహం కడుక్కుని, వచ్చి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పాట వినపడుతున్నంతసేపూ పాప దగ్గర ఎవరో ఒకరు మెలకువగా ఉన్నట్టే కదండీ, అత్తయ్యగారూ. నేనిక చూసుకోనక్కర్లేదనిపించింది," అంది.

"నేనుండాను గదా, నువ్వు పండుకో," అంది అవ్వ, అరిగిపోయిన గొంతుతో.

అమ్మ కోలుకుంది. అవ్వ పోయి చాలా ఏళ్ళైంది. పొడుగిల్లు పోయింది, దాని చోట ఇప్పుడు మెట్ల మీద టైల్స్ వేసిన కాంప్లెక్సు. డబ్బాలోని ఆట ఎప్పుడో చెరిగిపోయిందట, ఆఖరి వీరుణ్ణి ఓడించావా అని మీనా పెళ్ళిలో అడిగితే, బావ అక్కడక్కడా నెరిసిన గడ్డం గోక్కుంటూ, "కొండ దాకా యాడ పోయినా? ఆ గడ్డిలోనే ఉండిపోయినాం గదా," అని నవ్వాడు.

ఇవాళ మధ్యాహ్నం మీనా తన పాపను ఊపుతూ ఆ పాటే పాడుతోంది. పక్కింటావిడ వచ్చి, ఎంత పాత పాటో అని మెచ్చుకుంది. మా అత్తగారిది, వాళ్ళ పెద్దల నాటిదై ఉంటుంది అని, డబ్బా సంగతి ఎప్పుడో మరిచిపోయిన అమ్మ గర్వంగా చెప్పింది. నేను నవ్వు దాచుకుని ఆవిడకి కాఫీ అందించాను. ఆవిడ వెళ్ళాక చూస్తే మంచం అంచున అమ్మ నిద్రపోతోంది, రెండు వరసలకే. కాసేపటికి పాడుతూ పాడుతూ మీనా కూడా తల వాల్చేసింది. బూరె విద్య ఎప్పటిలాగే గురి తప్పింది. పాప మాత్రం కళ్ళు ఇంత చేసుకుని నన్నే చూస్తోంది.

పాట ఆగితే అమ్మకి మెలకువ వచ్చేస్తుంది. నేను మీనా చేతిలోంచి తాడు అందుకుని, నిదరో నిదరా అని ఎత్తుకున్నాను.